కొత్త మందు అణువును ఎలా రూపొందిస్తారు: ఔషధ రసాయన శాస్త్రంపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఔషధ రసాయన శాస్త్రం అంటే ఏమిటి? మందులకు సంబంధించిన మిగతా శాస్త్రాలకూ దీనికీ తేడా ఏమిటి?

శరీరంలో ఒక నిర్దిష్టమైన పని చేయగల అణువును ఊహించి, దాన్ని ప్రయోగశాలలో తయారుచేసి, పరీక్షల ఫలితాలను బట్టి దాని నిర్మాణాన్ని మళ్లీ మళ్లీ మారుస్తూ మందుగా వాడదగిన స్థితికి తీసుకువచ్చే శాస్త్రమే ఔషధ రసాయన శాస్త్రం. అణువు శరీరంపై ఎలా పనిచేస్తుందో కొలిచేది ఫార్మకాలజీ. సిద్ధమైన పదార్థాన్ని మాత్రగానో ఇంజెక్షన్‌గానో మలిచేది ఫార్మస్యూటిక్స్. అదే పదార్థాన్ని టన్నుల లెక్కన సురక్షితంగా తయారుచేసే దారి కనిపెట్టేది ప్రాసెస్ కెమిస్ట్రీ. వీటన్నిటికీ ముందు "అసలు ఏ అణువు?" అన్న ప్రశ్న ఒకటి ఉంటుంది. దానికి జవాబు చెప్పాల్సిన బాధ్యత ఔషధ రసాయనజ్ఞులది.

హేతుబద్ధ రూపకల్పన అంటే కంప్యూటర్ తెరపై అణువును గీసి, దాన్నే మందుగా తయారుచేయడమా?

కాదు. ఈ అపోహ బాగా పాతుకుపోయింది కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. వ్యాధికి మూలమైన జీవరసాయన ప్రక్రియను అర్థం చేసుకుని, అందులో ఎక్కడ అడ్డుపడితే ఫలితం ఉంటుందో ఆలోచించి, ఆ చోటికి సరిపోయే అణువును కారణాలతో సహా ప్రతిపాదించడమే హేతుబద్ధ రూపకల్పన. ఇందులో "కారణాలతో సహా" అన్న మాటే కీలకం. తయారుచేసే ప్రతి అణువూ ఒక ప్రశ్న అయి ఉండాలి. ఈ మూలలో ఒక మిథైల్ సమూహం (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్‌ల చిన్న ముక్క) పట్టేంత చోటు ఉందా? ఈ ఆక్సిజన్ నిజంగానే హైడ్రోజన్ బంధం ఏర్పరుస్తోందా, లేక ఊరికే అక్కడ ఉందా? ఇక్కడి ధనావేశాన్ని తీసేస్తే పని ఆగిపోతుందా? ఇలా ప్రశ్న ముందే స్పష్టంగా ఉంటే అణువు పనిచేసినా, పనిచేయకపోయినా జవాబు వస్తుంది. పనిచేయని అణువు నుంచి మనం ఏమీ నేర్చుకోలేకపోయామంటే, దాన్ని తయారుచేయడానికి ముందు సరైన ప్రశ్న వేసుకోలేదన్నమాట.

కంప్యూటర్లు రాకముందు కూడా ఈ ఆలోచన ఉంది. కొన్ని రంగులు కణజాలాన్ని వదిలి సూక్ష్మజీవులకు మాత్రమే పట్టుకోవడాన్ని చూసిన జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్, అదే విధంగా సూక్ష్మజీవినే వెతికి పట్టుకుని చంపే పదార్థం కూడా ఉండవచ్చునని తర్కించాడు. ఆయన ప్రయోగశాలలో ఆర్సెనిక్ సమ్మేళనాలను వరుసగా తయారుచేసి సంఖ్యలు వేసి పరీక్షించారు. 606వ సంఖ్య గల సమ్మేళనం సిఫిలిస్‌పై పనిచేస్తుందని 1909లో సహచిరో హాతా గుర్తించాడు. మరుసటి సంవత్సరమే అది సాల్వర్సాన్ పేరుతో మార్కెట్లోకి వచ్చింది. సూక్ష్మజీవిలో ఆ సమ్మేళనం దేనికి అతుక్కుంటోందో అప్పట్లో ఎవరికీ తెలియదు, అయినా వెతుకులాటకు ఒక దిశ ఉంది.

టార్గెట్ అనే మాట తరచుగా వినిపిస్తుంది. అది ఏమిటి?

మందు అణువు వెళ్లి అతుక్కునే జీవాణువును టార్గెట్ అంటారు. చాలా సందర్భాల్లో అది ప్రొటీనే. ఒక చర్యను వేగవంతం చేసే ఎంజైము కావచ్చు, కణం పైపొర మీద సంకేతాన్ని అందుకునే గ్రాహకం కావచ్చు, అయాన్లను లోపలికీ బయటికీ పంపే ఛానెల్ కావచ్చు. సరైన టార్గెట్‌ను ఎంచుకోవడం మొత్తం ప్రయత్నంలో అన్నిటికన్నా ఖరీదైన నిర్ణయం, ఎందుకంటే ఇది తప్పయితే ఆ తరువాత ఎంత అందమైన రసాయన శాస్త్రం చేసినా రోగికి ఉపయోగం ఉండదు. అందుకే ఇప్పుడు మనుషుల జన్యు సమాచారానికి చాలా విలువ ఇస్తున్నారు. పీసీఎస్‌కే9 అనే జన్యువు పుట్టుకతోనే సరిగా పనిచేయని కొందరిలో చెడు కొలెస్టరాల్ తక్కువగా ఉండటం, వారికి గుండెజబ్బులు అరుదుగా రావడం గమనించిన తరువాతే ఆ ప్రొటీనును అడ్డుకునే మందుల ప్రయత్నం ఊపందుకుంది. ప్రకృతి అప్పటికే మనుషుల్లో చేసి చూపించిన ప్రయోగం అది.

అణువు ప్రొటీనుకు ఎలా అతుక్కుంటుంది? తాళం, తాళంచెవి పోలిక సరైనదేనా?

ఎమిల్ ఫిషర్ 1894లో చెప్పిన ఆ పోలిక మొదటి మెట్టుగా బాగానే పనికొస్తుంది. కానీ ఈ తాళం ఇనుముతో చేసినది కాదు. ప్రొటీను ఎప్పుడూ కదులుతూ, కొద్దికొద్దిగా ఆకారం మార్చుకుంటూ ఉంటుంది. చెవి కూడా మెలి తిరుగుతుంది. పైగా ఆ రంధ్రం ఖాళీగా ఉండదు, నీటి అణువులతో నిండి ఉంటుంది. మందు అణువు లోపలికి వెళ్లాలంటే ఆ నీరు బయటికి పోవాలి, మందు చుట్టూ ఉన్న నీరు కూడా ఊడిపోవాలి.

హైడ్రోజన్ బంధాలు, వ్యతిరేక ఆవేశాల ఆకర్షణ, నీటికి దూరంగా ఉండాలనుకునే నూనె స్వభావపు భాగాలు ఒకదాని పక్కకు ఒకటి చేరడం, ఇవన్నీ కలిసి అణువును పట్టి ఉంచుతాయి. ఇక్కడ ఒక లెక్క గుర్తుంచుకోవడం మంచిది. శరీర ఉష్ణోగ్రత దగ్గర బంధన శక్తి మోల్‌కు సుమారు 1.4 కిలోకేలరీలు పెరిగితే పట్టు పది రెట్లు పెరుగుతుంది. అంటే ఒక మోస్తరు హైడ్రోజన్ బంధాన్ని సరైన చోట కుదర్చగలిగితే పది రెట్ల లాభం, కుదిరినట్టే ఉండి కాస్త వంకరగా పడితే నష్టం. నీటితో అప్పటికే బాగా బంధం కుదుర్చుకుని ఉన్న సమూహాన్ని అక్కడి నుంచి లాగి ప్రొటీనులో పెట్టినప్పుడు, కొత్త బంధం వల్ల వచ్చే లాభం పాత బంధం తెంచిన నష్టానికి సరిపోవచ్చు కూడా. కాగితం మీద అద్భుతంగా కనిపించే మార్పు పరీక్షలో ఏ తేడా చూపకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

ఆలోచనతోనే తయారైన మందుకు ఒక పూర్తి ఉదాహరణ చెప్పగలరా?

కాప్టోప్రిల్. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ ఇది, అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

రక్తపోటును పెంచే యాంజియోటెన్సిన్ అనే పెప్టైడును (ప్రొటీన్లలో ఉండే అమైనో ఆమ్లాల చిన్న గొలుసును) శరీరంలో తయారుచేసే ఎంజైము పేరు ఏసీఈ. బ్రెజిల్‌లో ఉండే జరరాకా అనే రక్తపింజర జాతి పాము విషంలోని కొన్ని పెప్టైడులు ఈ ఎంజైమును ఆపుతాయని తేలింది. వాటిలో తొమ్మిది అమైనో ఆమ్లాల టెప్రొటైడ్ మనుషుల్లో రక్తపోటును తగ్గించింది కూడా. అయితే అది పెప్టైడు కాబట్టి నోటి ద్వారా ఇస్తే జీర్ణమైపోతుంది, ఇంజెక్షన్‌గానే ఇవ్వాలి. రోజూ జీవితాంతం వాడాల్సిన మందుకు అది కుదరదు.

స్క్విబ్ సంస్థలో పనిచేస్తున్న డేవిడ్ కుష్మన్, మిగెల్ ఒండెట్టి వద్ద ఏసీఈ నిర్మాణం లేదు. అయితే ఏసీఈలో జింక్ అయాన్ ఉందని, అది పెప్టైడు గొలుసు చివరి నుంచి రెండేసి అమైనో ఆమ్లాలను కత్తిరిస్తుందని తెలుసు. దానికి దూరపు చుట్టం లాంటి కార్బాక్సీపెప్టిడేజ్ ఏ అనే ఎంజైములో కూడా జింక్ ఉంది, అది చివరి నుంచి ఒక్కొక్క అమైనో ఆమ్లాన్ని కత్తిరిస్తుంది, దాని నిర్మాణం అప్పటికే తెలిసిపోయింది. బెంజైల్‌సక్సినిక్ ఆమ్లం అనే చిన్న అణువు ఆ రెండో ఎంజైమును గట్టిగా ఆపుతుందని 1973లో ప్రచురితమైంది. దాని ఒక కొసన ఉన్న ఆమ్ల సమూహం జింక్‌ను పట్టుకుంటుందని భావించారు. కుష్మన్, ఒండెట్టిల తర్కం ఇలా సాగింది: మన ఎంజైము ఒకటి కాకుండా రెండు అమైనో ఆమ్లాలను కత్తిరిస్తుంది కాబట్టి, జింక్‌ను పట్టుకునే సమూహానికీ రెండో కొసకూ మధ్య దూరాన్ని ఒక అమైనో ఆమ్లమంత పెంచితే సరిపోవాలి. టెప్రొటైడ్ చివర ప్రోలీన్ అనే అమైనో ఆమ్లం ఉంది కాబట్టి మనమూ ప్రోలీన్‌నే పెడదాం.

అలా తయారైన సక్సినైల్‌ప్రోలీన్ పనిచేసింది, కానీ చాలా బలహీనంగా. ఎంజైము పనిని సగానికి తగ్గించడానికి 330 మైక్రోమోలార్ గాఢత కావలసి వచ్చింది (ఈ అంకె ఎంత తక్కువైతే అణువు అంత శక్తివంతం). మందుగా ఇది ఎందుకూ పనికిరాదు, కానీ ఊహ సరైనదని చెప్పింది. గొలుసుపై సరైన దిశలో ఒక మిథైల్ సమూహాన్ని చేర్చితే ఆ అంకె 22కు దిగింది. తరువాత జింక్‌ను ఇంకా గట్టిగా పట్టుకునేది ఏదని ఆలోచించి, ఆమ్ల సమూహం బదులు గంధకం గల థయోల్ సమూహాన్ని పెట్టారు. మిథైల్, థయోల్ రెండూ ఉన్న అణువుకు కావలసిన గాఢత 0.023 మైక్రోమోలార్. మొదటి అణువుతో పోల్చితే పద్నాలుగు వేల రెట్ల మెరుగుదల! అదే కాప్టోప్రిల్, 1981లో అమెరికాలో అనుమతి పొందింది.

ఆ థయోల్ వల్లనే కొందరు రోగుల్లో నాలుకకు రుచి తెలియకపోవడం, చర్మంపై దద్దుర్లు కనిపించాయని అనుమానించి, తరువాత వచ్చిన ఎనలాప్రిల్‌లో థయోల్‌ను తీసేసి, పోయిన పట్టును మరో చోట సంపాదించారు. ఇక మనిషి ఏసీఈ అసలు నిర్మాణం స్ఫటిక రూపంలో బయటపడింది 2003లో, అంటే మందు వచ్చి రెండు దశాబ్దాలు గడిచాక!

టార్గెట్ నిర్మాణం కాదు కదా, దాని చుట్టం నిర్మాణం కూడా తెలియకపోతే ఏం చేస్తారు?

అప్పుడు ఆ గ్రాహకానికి శరీరంలో సహజంగా అతుక్కునే అణువు నుంచే మొదలుపెడతారు. జేమ్స్ బ్లాక్ బృందం చేసిన సిమెటిడిన్ పని దీనికి చక్కని ఉదాహరణ. కడుపులో ఆమ్లం ఊరడానికి హిస్టమిన్ ఒక సంకేతం. అప్పటికి ఉన్న అలర్జీ మందులు హిస్టమిన్ చేసే ఇతర పనులను ఆపుతాయి కానీ ఆమ్లాన్ని ఆపవు. కాబట్టి కడుపులో మరో రకం హిస్టమిన్ గ్రాహకం ఉండాలని బ్లాక్ తర్కించాడు. 1964లో మొదలుపెట్టి, హిస్టమిన్‌నే కొద్దికొద్దిగా మారుస్తూ దాదాపు రెండు వందల సమ్మేళనాలు తయారుచేసినా మొదటి నాలుగేళ్లలో ఒక్కటీ గ్రాహకాన్ని అడ్డుకోలేదు. ఎంత ఓర్పు కావాలో ఊహించండి.

చివరికి గ్వానిడిన్ సమూహం గల ఒక హిస్టమిన్ రూపం గ్రాహకాన్ని కొంత ఉత్తేజపరుస్తూనే, మరికొంత అడ్డుకుంటున్నట్టు తేలింది. ఉత్తేజపరిచే గుణం దాని ధనావేశం వల్ల వస్తోందేమోనన్న ప్రశ్న వేసుకుని, ఆవేశం లేని థయోయూరియాను పెట్టి, గొలుసును పొడిగించారు. వచ్చిన బురిమమైడ్ శుద్ధమైన నిరోధకం, కానీ నోటి ద్వారా ఇస్తే చాలినంత పనిచేయలేదు. హిస్టమిన్ నుంచి వచ్చిన ఇమిడజోల్ వలయంలో ఎలక్ట్రాన్ల పంపకం హిస్టమిన్‌లో ఉన్నట్టు లేదని గుర్తించి, గొలుసులో ఒక గంధక పరమాణువునూ వలయంపై ఒక మిథైల్‌నూ చేర్చి దాన్ని సరిచేశారు. అలా వచ్చిన మెటియమైడ్ పుండ్లను మాన్పింది. కానీ కొందరు రోగుల్లో తెల్ల రక్తకణాలు తగ్గాయి. తప్పు థయోయూరియాదేనేమోనన్న అనుమానంతో, దాని ఆకారమూ ఆమ్ల-క్షార స్వభావమూ దాదాపు అలాగే ఉండే సయనోగ్వానిడిన్‌ను ఆ చోట పెట్టారు. అదే 1976లో బ్రిటన్‌లో విడుదలైన సిమెటిడిన్. అంతకుముందు శస్త్రచికిత్స దాకా వెళ్లే కడుపు పుండు ఈ మందుతో మాత్రలకు లొంగింది. బ్లాక్‌కు 1988లో, గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్‌లతో కలిపి నోబెల్ బహుమతి లభించింది.

ఒక సమూహం స్థానంలో అదే పాత్ర పోషించగల మరో సమూహాన్ని పెట్టడాన్ని బయోఐసోస్టెరిజం అంటారు. థయోయూరియా నుంచి సయనోగ్వానిడిన్‌కు మారడం దానికి పాఠంలాంటి ఉదాహరణ.

ఒకటి రెండు పరమాణువులు మారితే నిజంగా అంత తేడా వస్తుందా?

వస్తుంది. యెల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాలలో తయారైన అమినోప్టెరిన్‌ను ఫోలిక్ ఆమ్లం పక్కన పెట్టి చూడండి. ఫోలిక్ ఆమ్లంలో వలయంపై ఒక చోట ఆక్సిజన్ ఉంటే, అమినోప్టెరిన్‌లో ఆ చోట అమైనో సమూహం ఉంటుంది. తేడా అంతే. ఫోలిక్ ఆమ్లం కణాల ఎదుగుదలకు అవసరమైన విటమిన్, అమినోప్టెరిన్ ఆ ఎదుగుదలను ఆపే మందు. సిడ్నీ ఫార్బర్ దీన్ని ల్యుకేమియా (రక్త క్యాన్సర్) సోకిన పిల్లలకు ఇచ్చి, కొందరిలో వ్యాధి తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించాడు. నేటికీ వాడుకలో ఉన్న మెథోట్రెక్సేట్ అమినోప్టెరిన్‌కు ఒక మిథైల్ చేర్చిన రూపమే. చాలా ఏళ్ల తరువాత స్ఫటిక నిర్మాణాలు చూసినప్పుడు, మెథోట్రెక్సేట్ వలయం అది అడ్డుకునే ఎంజైములో సహజ అణువు కూర్చున్నట్టు కాకుండా తిరగబడి కూర్చుందని తెలిసింది. పోలిక కోసం తయారుచేసిన అణువు తనదైన దారిలో అతుక్కుందన్నమాట.

రక్త క్యాన్సర్ మందు ఇమాటినిబ్ విషయంలోనూ ఇటువంటిదే జరిగింది. మొదటి అణువు అవసరంలేని మరో ఎంజైమునూ ఆపుతుండగా, బెంజీన్ వలయంపై ఒక మూల మిథైల్ సమూహాన్ని చేర్చడంతో ఆ అనవసరపు పని పోయి, కావలసిన పని మిగిలింది. ఆ మిథైల్ అణువును ఒక ప్రత్యేక భంగిమలో మెలిపెట్టి ఉంచుతుంది, ఆ భంగిమ ఒక ఎంజైముకు నచ్చుతుంది, మరోదానికి నచ్చదు.

మొదటి అణువు ఎక్కడి నుంచి వస్తుంది?

మొక్కలు, శిలీంధ్రాలు, విషాలు, శరీరంలోని సహజ అణువులు, పాత మందులు, వీటిలో దేని నుంచైనా రావచ్చు. పెద్ద సంస్థలు లక్షల సమ్మేళనాలను రోబోల సహాయంతో పరీక్షించి చూస్తాయి. హైడ్రోజన్‌లను లెక్కించకుండా ఇరవై కన్నా తక్కువ పరమాణువులుండే చిన్న ముక్కలను ముందు కనిపెట్టి, వాటిని ప్రొటీనులోనే పెంచుకుంటూ పోయే పద్ధతి కూడా బాగా స్థిరపడింది. చర్మ క్యాన్సర్‌కు 2011లో వచ్చిన వెమురాఫెనిబ్ ఆ దారిలో పుట్టినదే. మొదటి అణువు బలహీనంగా ఉన్నా పర్వాలేదు, మార్పులకు లొంగేదిగా ఉంటే చాలు.

టార్గెట్‌కు గట్టిగా అతుక్కునే అణువు దొరికితే మందు దొరికినట్టేనా?

సగం పని కూడా కాలేదు. నా అనుభవంలో యువ రసాయనజ్ఞులు ఎక్కువగా నిరాశపడేది ఇక్కడే. అణువు నీటిలో కరగాలి, పేగు గోడను దాటాలి, కాలేయం దాన్ని వెంటనే ముక్కలు చేయకూడదు, రక్తంలో చాలినంతసేపు ఉండాలి, చేరాల్సిన చోటికి చేరాలి, వేరే ఏ ప్రొటీనునూ ప్రమాదకరంగా తాకకూడదు, చివరికి శరీరం నుంచి వెళ్లిపోవాలి కూడా. ఈ కోరికలు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి.

ఫ్లూ మందుల్లో ఈ పోట్లాట బాగా కనిపిస్తుంది. వైరస్ ఎంజైము న్యూరమినిడేజ్ నిర్మాణం 1983లో బయటపడింది. దాని గూటిలో ఒక చోట రుణావేశం గల అమైనో ఆమ్లాలు ఉండటం చూసి, ధనావేశం గల గ్వానిడిన్‌ను సరిగ్గా ఆ చోటికి చేరేలా అమర్చి జనమివిర్‌ను రూపొందించారు. పట్టు అద్భుతంగా పెరిగింది. అయితే ఇన్ని ఆవేశాలున్న అణువు పేగు గోడను దాటలేదు కాబట్టి దాన్ని పీల్చుకునే మందుగానే ఇవ్వాల్సి వచ్చింది. ఒసెల్టమివిర్ రూపకర్తలు నూనె స్వభావపు భాగాన్ని పెంచి, ఆమ్ల సమూహాన్ని ఎస్టర్‌తో కప్పి, శరీరంలోకి వెళ్లాక ఆ కప్పు ఊడిపోయేలా చేశారు. ఇలా లోపలికి వెళ్లాక అసలు మందుగా మారే రూపాన్ని ప్రోడ్రగ్ అంటారు. రెండు మందులకూ 1999లోనే అనుమతి వచ్చింది.

నోటి ద్వారా తీసుకునే మందులకు క్రిస్టఫర్ లిపిన్‌స్కీ 1997లో చెప్పిన ఐదు సూత్రం ఒక మంచి హెచ్చరిక. అణుభారం 500 దాటినా, నూనెలో కరిగే గుణాన్ని తెలిపే లాగ్‌పీ 5 దాటినా, హైడ్రోజన్‌ను ఇచ్చే సమూహాలు 5కు మించినా, పుచ్చుకునేవి 10కి మించినా శోషణ సరిగా జరగకపోవచ్చని అది చెబుతుంది. దీన్ని చట్టంలా పట్టుకుని వేలాడటం తప్పు. సూత్రాన్ని మీరి కూడా చక్కగా పనిచేసే మందులు ఎన్నో ఉన్నాయి.

కాలేయం విషయంలో ఫ్లోరిన్ పరమాణువు గొప్ప సాయం చేస్తుంది. కొలెస్టరాల్ మందు ఎజెటిమైబ్‌కు ముందు తరం అణువును కాలేయం ఎక్కడెక్కడ ఆక్సీకరణం చేస్తోందో జాగ్రత్తగా పరిశీలించి, మేలు చేసే మార్పును ముందుగానే అణువులో చేర్చి, అక్కరలేని మార్పులు జరిగే చోట్లను ఫ్లోరిన్‌తో మూసేశారు. జంతు పరీక్షల్లో దాని శక్తి యాభై రెట్లకు పైగా పెరిగింది. దాని టార్గెట్ ఏమిటో తెలిసింది మాత్రం మందు అనుమతి పొందిన 2002 తరువాతే.

గుండె మరో పరీక్ష. టెర్ఫెనడిన్ అనే అలర్జీ మందును కొన్ని యాంటీబయోటిక్‌లతో కలిపి వాడినప్పుడు, దాన్ని మార్చాల్సిన కాలేయ ఎంజైము మూతపడి, మందు రక్తంలో పేరుకుని, గుండెలోని హెర్గ్ అనే పొటాషియం ఛానెల్‌ను అడ్డుకుని ప్రాణాంతకమైన లయ తప్పడానికి దారితీసింది. నిజానికి అలర్జీని తగ్గిస్తున్నది కాలేయంలో దాని నుంచి తయారయ్యే ఫెక్సోఫెనడిన్. దానికి గుండెపై ఆ ప్రభావం లేదు. అందువల్ల దాన్నే నేరుగా మందుగా తెచ్చారు. ఇప్పుడు ఏ కొత్త అణువునైనా మనుషులకు ఇవ్వడానికి చాలా ముందే హెర్గ్ పరీక్ష చేస్తారు.

కుడి చేతి, ఎడమ చేతి అణువుల గురించి ఎందుకంత పట్టింపు?

ప్రొటీనులు ఒకే చేతివాటం గల అమైనో ఆమ్లాలతో తయారవుతాయి కాబట్టి, అద్దంలో ప్రతిబింబాల్లా ఉండే రెండు అణువులను అవి వేర్వేరుగా చూస్తాయి. కుడి చేతి తొడుగు ఎడమ చేతికి పట్టనట్టే ఇదీను. థాలిడొమైడ్‌ను దీనికి ఉదాహరణగా చూపుతూ, "ఒక రూపాన్నే ఇచ్చి ఉంటే ఆ విషాదం జరిగేది కాదు" అని తరచుగా చెబుతారు. అది సరికాదు. థాలిడొమైడ్ రెండు రూపాలూ శరీరంలో ఒకదానిలోకి ఒకటి మారిపోతాయి, ఏదిచ్చినా రెండూ తయారవుతాయి. 1957లో జర్మనీలో అమ్మకానికి వచ్చి 1961లో ఉపసంహరించిన ఆ మందు వేలాది శిశువుల అవయవాలను దెబ్బతీసింది. అది సెరెబ్లాన్ అనే ప్రొటీనుకు అతుక్కుంటుందని 2010లో తెలిసింది.

మందులకు నిరోధకత వస్తే రసాయనజ్ఞులు ఏం చేయగలరు?

టార్గెట్‌లో ఏం మారిందో చూసి అణువును మారుస్తారు. ఇమాటినిబ్ అతుక్కునే చోట ఉన్న త్రియోనిన్ అనే అమైనో ఆమ్లం ఐసోల్యూసిన్‌గా మారితే, మందుకు ఒక హైడ్రోజన్ బంధం పోతుంది, పైగా ఆ కొత్త గొలుసు దారికి అడ్డంగా నిలుస్తుంది. తరువాత వచ్చిన పొనాటినిబ్‌లో ఆ అడ్డంకి పక్కనే సన్నగా సాగిపోయేలా కార్బన్-కార్బన్ త్రిబంధాన్ని పెట్టారు. త్రిబంధం సూటిగా, సన్నగా ఉంటుంది కాబట్టి ఇరుకు చోట దూరుతుంది. అది 2012లో అనుమతి పొందింది. అయితే దానితో రక్తనాళాలు మూసుకుపోయే ప్రమాదం ఉన్నందున జాగ్రత్తగా వాడాల్సి వస్తోంది.

కృత్రిమ మేధ వచ్చాక ఈ పనంతా యంత్రాలే చేస్తాయా?

ప్రొటీను నిర్మాణాలను దాచే ప్రపంచ భాండాగారం 1971లో ఏడు నిర్మాణాలతో మొదలై ఇప్పుడు రెండు లక్షలు దాటింది. ఆ సంపద మీద శిక్షణ పొందిన ఆల్ఫాఫోల్డ్ అనే కృత్రిమ మేధ ప్రోగ్రామ్ అమైనో ఆమ్లాల వరుస నుంచే ప్రొటీను ఆకారాన్ని ఊహించగలుగుతోంది. దాన్ని రూపొందించిన డెమిస్ హస్సాబిస్, జాన్ జంపర్‌లకు 2024 రసాయన శాస్త్ర నోబెల్‌లో వాటా దక్కింది ఇందుకే. ఇది చిన్న విషయం కాదు. అయినా ఆకారం తెలియడం వేరు, ఒక అణువు దానికి ఎంత గట్టిగా అతుక్కుంటుందో కచ్చితంగా చెప్పడం వేరు. పైన చెప్పిన 1.4 కిలోకేలరీల లెక్క ఇక్కడే ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే లెక్కలో అంతమాత్రం పొరపాటు వచ్చినా జవాబు పది రెట్లు తప్పుతుంది. ఇక ఆ అణువు మనిషి కాలేయంలో ఏమవుతుందో, నెలల తరబడి వాడితే ఏం జరుగుతుందో చెప్పడానికి కావలసిన సమాచారం అంత సమృద్ధిగా లేదు. వడపోతకు, తయారీ మార్గాలు సూచించడానికి యంత్రాలు ఇప్పటికే చాలా ఉపయోగపడుతున్నాయి. వాటిని వాడని రసాయనజ్ఞులు వెనకబడతారని నా నమ్మకం.

కోవిడ్ మాత్ర అంత త్వరగా ఎలా వచ్చింది?

సగం పని ముందే జరిగి ఉంది. 2003 సార్స్ సమయంలోనే ఆ వైరస్ ప్రధాన ప్రోటియేజ్‌ను (ప్రొటీన్లను కత్తిరించే ఎంజైమును) అడ్డుకునే అణువుల మీద ఫైజర్‌లో పని చేశారు. కొత్త వైరస్‌లో ఆ ఎంజైము గూడు దాదాపు అలాగే ఉంది. పాత అణువు నోటి ద్వారా పనిచేయదు కాబట్టి, హైడ్రోజన్‌ను ఇచ్చే సమూహాలను తగ్గించి, ఎంజైములోని సిస్టీన్ అనే అమైనో ఆమ్లంతో బంధం ఏర్పరిచే నైట్రైల్ సమూహాన్ని పెట్టి నిర్మాట్రెల్విర్‌ను రూపొందించారు. కాలేయం దాన్ని త్వరగా తొలగించకుండా, అక్కడి ఎంజైమును అడ్డుకునే రిటోనావిర్ అనే మందును జతచేశారు. 2021 డిసెంబరులో అమెరికాలో అత్యవసర అనుమతి లభించింది.

మనుషుల మీద పరీక్షల దాకా వెళ్లిన అణువుల్లో కూడా పదింట తొమ్మిది ఎందుకు విఫలమవుతాయి?

చాలావరకు టార్గెట్ గురించిన ఊహ తప్పవడం వల్ల, అంటే మందు అనుకున్న పనే చేసినా వ్యాధి తగ్గకపోవడం వల్ల. మిగిలినవి విషప్రభావం వల్ల, చాలినంత మోతాదు చేరకపోవడం వల్ల. ఆలోచన మొదలైన రోజు నుంచి మందుగా బయటికి వచ్చే దాకా పది నుంచి పదిహేనేళ్లు పట్టడం మామూలే. గుండెనొప్పి కోసం ప్రయత్నించిన సిల్డెనఫిల్ మరో సమస్యకు 1998లో మందుగా మారినట్టు, అప్పుడప్పుడు విఫలమైన అణువుకు మరో దారి దొరుకుతుంది. కానీ అలా దొరకాలన్నా, అనుకోని ఫలితాన్ని కొట్టిపారేయకుండా రాసిపెట్టుకున్నవారు ఉండాలి.

ఈ రంగంలోకి రావాలంటే ఏం నేర్చుకోవాలి?

కర్బన రసాయన శాస్త్రం మీద గట్టి పట్టు ముందు కావాలి. కాగితంపై గీసిన అణువును గాజు పాత్రలో తయారుచేయలేకపోతే మిగతా జ్ఞానమంతా అక్కడే ఆగిపోతుంది. చర్య ఎంతవరకు జరిగిందో చూడటానికి పలుచని సిలికా పలకపై చుక్క పెట్టి, అతినీల కాంతి కింద మచ్చలు ఎంత ఎత్తుకు ఎక్కాయో చూడటం, అణువు నిర్మాణాన్ని తెలిపే ఎన్‌ఎంఆర్ పరీక్ష గీతలు చదివి ఇది నేననుకున్న అణువేనా అని తనను తానే అనుమానించడం, ఇవి చేతికి అలవాటు కావాలి. తరువాత జీవరసాయన శాస్త్రం, ఫార్మకాలజీ, కొంత గణాంకం. కొత్తగా చేరినవారికి నేను ఒక అలవాటు నేర్పిస్తాను: చర్య మొదలుపెట్టే ముందే నోట్‌బుక్‌లో ఆ అణువు అడుగుతున్న ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయాలి, దాని కింద రెండు గీతలు ఖాళీగా వదలాలి. పరీక్ష ఫలితం వచ్చిన రోజు ఆ ఖాళీని నింపాలి.